ఉత్తుత్తి హాకీకి జీతాల పంచాయితీ

రండి, జర మంట దగ్గరికి జరిగి కూర్చోండి. చందూర్‌లో చలికాలం పొద్దు గూకినంక కబుర్లు తప్ప ఇంకేం పని ఉంటుంది చెప్పండి. ఇయ్యాల మాట్లాడేది వడ్ల రేటు గురించి కాదు, నిజాంసాగర్ కాలువల నీళ్ల వంతు గురించి కూడా కాదు. హాకీ ఆటగాళ్ల జీతాల గురించి. నవ్వకండి, సంగతి పెద్దదే.

మా మేనల్లుడు, వాడి దోస్తులు కలిసి కంప్యూటర్‌లో ఒక హాకీ లీగు నడుపుతున్నారు. స్టిక్కు లేదు, బంతి లేదు, టర్ఫ్ అసలే లేదు. జట్లకు మన చుట్టుపక్కల ఊళ్ల పేర్లే పెట్టుకున్నారు: చందూర్, వర్ని, రుద్రూర్, కోటగిరి, బోధన్, బాన్సువాడ. ఆటగాళ్ల పేర్లు మాత్రం టీవీలో కనిపించేవాళ్లవే. ఒక్కొక్కరికి వేగానికి ఇన్ని, పెనాల్టీ కార్నర్‌కు ఇన్ని, ఓపికకు ఇన్ని అని మార్కులు వేసి పెట్టారు. వేలంలో కొనుక్కుంటారు. రెండేళ్లకో మూడేళ్లకో ఒప్పందం రాసుకుంటారు. మ్యాచ్ కంప్యూటరే ఆడిస్తుంది. పొద్దున లేచి చూస్తే స్కోరు వచ్చి ఉంటుంది. కోటగిరి మీద చందూర్ ఓడిపోయిన రోజు మావాడికి చాయ్ కూడా సయించదు.

ఒక్క రూపాయి చేతులు మారదు. ఆ మాట ముందే గట్టిగా అడిగాను. ఆన్‌లైన్‌లో పైసలు పెట్టి ఆడే ఆటల్ని మన తెలంగాణ 2017లోనే బంద్ పెట్టింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసినంక దేశమంతటా డ్రీమ్ ఎలెవన్‌ లాంటివాళ్లు కూడా పైసల పోటీలు ఆపేశారు. వీళ్లది వట్టి సరదా. అయినా కొట్లాట మాత్రం అసలు పైసల మీద జరిగినట్టే జరుగుతోంది.

కొట్లాట ఏందంటే, ఒక్కో జట్టు జీతాలకు ఒక పై హద్దు ఉంది. వాళ్ల మాటల్లో క్యాప్. లెక్క తేలికగా ఉండటానికి వంద అనుకుందాం. దాన్ని నూట ఇరవై చెయ్యాలని సగం మంది, వద్దని సగం మంది. "మామా, అసలు పైసలే కానప్పుడు పెంచితే ఏం పోయింది?" అని మావాడి వాదన. వినడానికి బాగానే ఉంది. నోట్లు అచ్చేసేది మనమే అయినప్పుడు పిసినారితనం ఎందుకు?

కానీ ఆ హద్దే లేకపోతే ఆ ఆటలో ఇంకేం మిగిలింది? గోల్ కొట్టేది కంప్యూటర్. ఆపేది కంప్యూటర్. మనిషి చేసే పని ఒక్కటే, ఇంత సంచిలో ఎవర్ని పట్టించాలి, ఎవర్ని వదులుకోవాలి అని తల పట్టుకోవడం. డ్రీమ్ ఎలెవన్ కూడా పదకొండు మందికి వంద క్రెడిట్లే ఇచ్చింది. కోహ్లీని పెట్టుకుంటే ఇంకోచోట కక్కుర్తి పడాల్సిందే. ఆ వందను రెండొందలు చేసి ఉంటే అందరూ ఒకే జట్టు రాసుకునేవాళ్లు.

ఇక అసలు లీగుల దగ్గరికి వద్దాం, ఎందుకంటే పర్సు, అంటే వేలంలో జట్టు పెట్టగల మొత్తం, పెంచితే ఏమవుతుందో అవి మన కళ్ల ముందే చూపించాయి. మన తెలుగు టైటాన్స్ కథే తీసుకోండి. ప్రో కబడ్డీ తొమ్మిదో సీజన్‌కు, అంటే 2022లో, ఒక్కో జట్టు పర్సు 4.4 కోట్లు. పవన్ సెహ్రావత్‌ను తమిళ్ తలైవాస్ 2.265 కోట్లకు కొన్నది. ఒక్క మనిషికే సగం పర్సు పోయింది. మొదటి మ్యాచ్‌లోనే ఆయన మోకాలు దెబ్బతిన్నది, సీజన్ అంతా బయటే. విచిత్రం చూడండి, అదే తలైవాస్ ఆ ఏడాది మొట్టమొదటిసారి సెమీఫైనల్ దాకా పోయింది.

మరుసటి సీజన్‌కు నిర్వాహకులు పర్సును 5 కోట్లు చేశారు. నూటికి పదమూడు, పద్నాలుగు వంతున పెరిగిందన్న మాట. జట్టు మొత్తానికి ఊపిరి ఆడుతుందని కదా పెంచింది? 2023 అక్టోబరు వేలంలో అదే పవన్‌ను మన టైటాన్స్ 2.605 కోట్లకు ఎత్తుకుంది. ఆయన రేటు నూటికి పదిహేను పెరిగింది. పర్సు పెరిగిన దానిలో సగానికి పైగా ఒక్కడి ఖాతాలోనే పడింది. మిగిలినవాళ్లు మళ్లీ సగం పర్సులోనే సర్దుకున్నారు. టైటాన్స్ ఆ సీజన్ పట్టికలో అట్టడుగున నిలిచింది. పవన్ తప్పేం లేదు, ఆయన కూత ఆయన పెట్టాడు. కబడ్డీ ఏడుగురి ఆట అని రెండున్నర కోట్లు గుమ్మరించినవాళ్లకు గుర్తు ఉండాల్సింది.

ఆ తర్వాతి సీజన్‌లో పర్సు కదల్లేదు, అదే 5 కోట్లు. పవన్ రేటు మాత్రం 1.725 కోట్లకు దిగింది, మళ్లీ టైటాన్సే తీసుకుంది. 2025లో ఆయన 59.5 లక్షలకు తలైవాస్‌కు పోతే, పవన్ లేని టైటాన్స్ ఫైనల్‌కు ఒక్క మెట్టు కింది దాకా వచ్చింది. రేటును నడిపింది హద్దు కాదు, మోజు. హద్దు పెంచితే మోజుకు ఇంకో నాలుగు రాళ్లు దొరుకుతాయి, అంతే.

ఇదంతా చెప్తే మావాడు ఊరుకుంటాడా? "అది వేలం మామా. అందరికీ ఒక్కతీరుగ పెంచితే అందరికీ రేట్లే పెరుగుతయి, లెక్క సమానం" అన్నాడు. ఇక్కడ వాడి మాటలో సగం నిజం ఉంది, ఆ సగాన్ని విడదీసి చూడాలి. ప్రతి ఏడూ ఆటగాళ్లందర్నీ వదిలేసి కొత్తగా వేలం వేస్తే, వంద అయినా వెయ్యి అయినా ఒక్కటే. కానీ వీళ్ల లీగులో పాత ఒప్పందాలు ఉన్నాయి. పోయినేడు తక్కువ రేటుకు మూడేళ్లకు కట్టేసుకున్న స్టార్ ఎవడి దగ్గర ఉంటే, హద్దు పెరిగిన రోజు వాడి చేతిలో పుణ్యానికి ఇరవై వచ్చి పడతాయి. స్టార్ పాత రేటుకే ఉంటాడు, ఆ ఇరవైతో ఇంకో స్టార్ వస్తాడు. జాగ్రత్తగా నడిచి సంచిలో ఖాళీ ఉంచుకున్నవాడు మొద్దులా నిలబడతాడు. వాడు మిగుల్చుకున్న ఆ ఖాళీ ఇప్పుడు అందరికీ ఉచితంగా పంచినట్టే కదా.

అందుకే నేను మావాడి జట్టు జాబితా తెప్పించి చూశాను. హర్మన్‌ప్రీత్ సింగ్ ఉన్నాడు. ఇంకా రెండేళ్ల ఒప్పందం ఉంది, రేటు చూస్తే కారుచౌక. "అల్లుడా, ఇది లీగు బాగు కోసమా, చందూర్ బాగు కోసమా?" అన్నాను. వాడు మంటలోకి ఇంకో పుల్ల తోశాడు.

హర్మన్‌ప్రీత్ అంటే గుర్తొచ్చింది. ఏడేళ్ల పైన మూతబడి ఉన్న హాకీ ఇండియా లీగు 2024 డిసెంబరులో మళ్లీ మొదలైంది కదా. మగవాళ్ల జట్టుకు పర్సు 4 కోట్లు, 24 మందిని కొనాలి. బేస్ ప్రైస్ 2 లక్షలు, 5 లక్షలు, 10 లక్షలు అని మూడు మెట్లు. వేలంలో అందరికన్నా ఎక్కువ పలికింది హర్మన్‌ప్రీతే, సూర్మా క్లబ్బు 78 లక్షలు పెట్టింది. అంటే పర్సులో అయిదో వంతు కూడా నిండలేదు. కబడ్డీలో సగం ఎక్కడ, ఇక్కడ అయిదో వంతు ఎక్కడ! మన హైదరాబాద్ తుఫాన్స్ గొంజాలో పెయా అనే డ్రాగ్ ఫ్లికర్‌కు 68 లక్షలు పెట్టి, మిగతాది పదిమందికీ సర్ది, ఫైనల్‌కు పోయింది. 2025 ఫిబ్రవరి 1న రూర్కెలాలో బెంగాల్ టైగర్స్ చేతిలో 4–3తో ఓడింది. ఆ రోజు జుగ్‌రాజ్ సింగ్ హ్యాట్రిక్ కొట్టకపోయి ఉంటే కప్పు మనదే. ఇంకో తమాషా, ఆ సీజన్‌లో తుఫాన్స్ హైదరాబాద్‌లో ఒక్క మ్యాచ్ ఆడలేదు. ఆట అంతా రూర్కెలా, రాంచీలోనే. చందూర్‌లో టీవీ ముందు కూర్చున్న మనకు ఆ లీగూ కంప్యూటర్ లీగూ దూరంలో ఒక్కటే.

అసలు ఈ క్యాప్ పిచ్చి వీళ్లకు అమెరికా, కెనడాల ఐస్ హాకీ నుంచి అంటుకుంది. అక్కడ ఎన్‌హెచ్‌ఎల్‌లో ఇదే గొడవ మీద 2004–05 సీజన్ మొత్తం కొట్టుకుపోయింది, ఒక్క మ్యాచ్ జరగలేదు. ఆ తర్వాతే 3.9 కోట్ల డాలర్లతో హద్దు పెట్టారు. 2025–26కు అది 9.55 కోట్ల డాలర్లు. అయితే మావాళ్లు దానిలోంచి పై హద్దు ఒక్కటే తెచ్చుకున్నారు, మిగతా రెండు కట్టుబాట్లు అక్కడే వదిలేసి వచ్చారు. జట్టు కనీసం ఇంత ఖర్చు పెట్టి తీరాలని కింది హద్దు ఒకటి ఉంది, ఆ సీజన్‌కు 7.06 కోట్ల డాలర్లు. ఒక్క ఆటగాడికి క్యాప్‌లో అయిదో వంతు దాటి ఇవ్వొద్దని ఇంకోటి ఉంది. ఆ అయిదో వంతు సూత్రం మన కబడ్డీలో ఉండి ఉంటే పవన్ రేటు కోటి దగ్గరే ఆగేది.

కింది హద్దు సంగతి బోధన్ వాళ్లకు వేరే చెప్పాలా? శక్కర్‌నగర్‌లో 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పెట్టిన దగ్గర్నుంచి 2015 డిసెంబరులో తాళం పడేదాకా ఈ పట్టీలో చెరకు బతుకే బతుకు. చెరకుకు సర్కారు కట్టేది కనీస ధర. దానికి కిందికి పోవద్దు, పైన ఎంతిచ్చినా అడిగేవాడు లేడు. ఫ్యాక్టరీ పరిధిలోని చెరకు ఆ ఫ్యాక్టరీకే తోలాలి కాబట్టి, ఆ కనీసం లేకపోతే రైతు గతి అధోగతి. మావాళ్ల లీగులో అంతా తలకిందులు. పైన తాళం వేశారు, కింద తలుపే లేదు. బెంచీ మీద కూర్చునే ఇరవయ్యో ఆటగాడు, ఇరవై ఒకటో ఆటగాడు ఎంతకు పోతున్నాడో ఎవడికీ పట్టింపు లేదు.

హద్దు ఇరుకైనప్పుడు మనిషి ఏం చెయ్యగలడో చెప్పడానికి క్రికెటర్ లక్ష్మణ్‌ను మించిన ఉదాహరణ నాకు దొరకలేదు. 2008లో మొదటి ఐపీఎల్ వేలానికి ఒక్కో జట్టు పర్సు 50 లక్షల డాలర్లు. సచిన్, ద్రావిడ్, గంగూలీ లాంటివాళ్లు ఐకాన్ ఆటగాళ్లు. జట్టులో అందరికన్నా ఎక్కువ పలికినవాడి కంటే వాళ్లకు నూటికి పదిహేను ఎక్కువ ఇవ్వాలని నియమం. డెక్కన్ ఛార్జర్స్ ఐకాన్ హోదాను లక్ష్మణ్ వద్దన్నాడు, జట్టుకు వేలంలో పైసలు మిగలాలని. ఆయనకు దక్కింది 3.75 లక్షల డాలర్లు. ఆండ్రూ సైమండ్స్‌కు అదే వేలంలో 13.5 లక్షలు పెట్టారు. ఐకాన్‌గా ఉండి ఉంటే లక్ష్మణ్‌కు లెక్క ప్రకారం పదిహేనున్నర లక్షలు రావాలి. ఇద్దరికే 29 లక్షలు పోయేవి. అంత త్యాగం చేసినా ఆ ఏడాది ఛార్జర్స్ 14 మ్యాచ్‌ల్లో రెండే గెలిచి అడుగున పడింది, అది వేరే దుఃఖం. 2009లో గిల్‌క్రిస్ట్ నాయకత్వంలో అదే జట్టు కప్పు ఎత్తింది.

ఐపీఎల్ పర్సు ఆ తర్వాత పెరుగుతూనే ఉంది, 2024లో 100 కోట్లు, 2025లో 120 కోట్లు. పంత్ 27 కోట్లు పలికాడని ఊరంతా మాట్లాడుకుంది. దాని పక్కనే జరిగిన ఇంకో మార్పును ఎవరూ పట్టించుకోలేదు. జాతీయ జట్టుకు ఇంకా ఆడని కుర్రాళ్ల కనీస ధరను 20 లక్షల నుంచి 30 లక్షలకు లేపారు. పర్సు అయిదో వంతు పెరిగితే కింది మెట్టు సగానికి సగం పెరిగింది. పైగా మ్యాచ్ ఆడినవాడికి మ్యాచుకు 7.5 లక్షల ఫీజు విడిగా పెట్టారు. నాకు నచ్చిన పెంపు ఇది.

కాబట్టి మావాళ్లకు నేను చెప్పిన తీర్పు ఇది. ఈ సీజన్‌లో వంద వందే. పెంచాలని అంత ముచ్చటగా ఉంటే, ఇప్పుడున్న ఒప్పందాలన్నీ తీరినంక పెంచుకోండి, అప్పుడు ఎవడికీ పుణ్యానికి రాదు. ఆ పెంచేదైనా ముందు బేస్ ప్రైస్‌కు పోవాలి. ఒక్కడికి అయిదో వంతు దాటొద్దని ఇయ్యాలే రాసుకోండి.

బోధన్ జట్టు పిల్లాడు చప్పట్లు కొట్టాడు. వాడి సంచిలో ఖాళీ ఉంది మరి. మావాడు మాత్రం మొహం ముడుచుకుని, "అసలు లీగులో పెంచమంటవా, అక్కడ కూడా వద్దంటవా?" అని నన్నే ఇరికించబోయాడు.

అసలు లీగులో పెంచాల్సిన చోటు ఒకటుంది. హాకీ ఇండియా లీగు ఆడవాళ్ల జట్టుకు ఇచ్చిన పర్సు 2 కోట్లు, మగవాళ్లదాంట్లో సరిగ్గా సగం. ఆ వేలంలో అందరికన్నా ఎక్కువ పలికిన ఉదితకు వచ్చింది 32 లక్షలు. మన నిజామాబాద్ నుంచే ఎండల సౌందర్య భారత జట్టుకు ఆడింది. బాక్సింగ్‌లో నిఖత్ జరీన్ ఇక్కడి బిడ్డే, రెండుసార్లు ప్రపంచ చాంపియన్. ఇట్లాంటి జిల్లాలో కూర్చుని మగవాళ్ల పర్సు ఇంకో ఇరవై పెంచాలా వద్దా అని రాత్రుళ్లు కొట్లాడుకోవడం నాకు చిత్రంగానే ఉంది. అదే మాట అంటే మావాడు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అయితే వచ్చే సీజన్‌కు ఆడోళ్ల జట్లు కూడా పెడతం మామా, పర్సు ఎంత పెట్టాల్నో నువ్వే చెప్పు" అన్నాడు. వంద అన్నాను. బోధన్ పిల్లాడు అప్పుడే కాగితం తీసి ఆటగాళ్ల పేర్లు రాయడం మొదలుపెట్టాడు.