పిల్లల చేతికి తొలి వేగపు పడవ

పిల్లల యాటవస్తువులను గూర్చి వ్రాయుట యల్పవిషయమని కొందఱు తలంతురు. గరిటెయైనను గడియారమైనను దాని గుణదోషముల నెఱిగి యింటికి దెచ్చుట గృహిణి పనియైనప్పుడు, పిల్లల చేతికిచ్చు వస్తువును మాత్ర మేల యుపేక్షింపవలెను? నీటితోను విద్యుత్తుతోను ఒక్కమాఱే సంబంధముగల వస్తువైనచో తల్లి తప్పక యాలోచింపవలసియున్నది. రిమోటుతో నడచు వేగపు పడవ యట్టిది.

భద్రాచలమున నున్న మా చెల్లెలికి పదునొకండేండ్ల కుమార్తె గలదు. ఆ యూరి పిల్లలకు పడవలపై మక్కువ యుండుట వింతగాదు. ఏటేట వైకుంఠ యేకాదశికి ముందునాటి సాయంకాలము స్వామి హంసవాహనముపై గోదావరిలో విహరించు తెప్పోత్సవమును జూచి పెరుగు బిడ్డలు వారు. ఈ పిల్ల గంటకు ఏబది కిలోమీటర్లు పరుగెత్తు పడవ కావలెనని పట్టుబట్టినది. అత్తగారు "ఆడపిల్లకు పడవ యెందుకు? గోదావరి యొడ్డున నా మాటే వద్దు" అని యడ్డుచెప్పిరి. ఆమె మాటలో మొదటి సగమును నే నంగీకరింపను. రెండవ సగమును తోసివేయజాలను. 2019 సెప్టెంబరు 15వ తేదీన పాపికొండల విహారమునకు బోయిన పడవ కచ్చులూరు వద్ద మునిగిన సంగతిని ఆ తీరమువా రెవరును మఱువలేదు. భద్రాచలమున నీరు 43 అడుగులకు రాగానే మొదటి ప్రమాద హెచ్చరిక నిత్తురు. 2022 జూలైలో నీటిమట్టము 71 అడుగులు దాటినది. అట్టి నదిని చూచిన పెద్దామె భయము వట్టి భయము గాదు.

మా యింటి పిల్లలు కొన్నియేండ్లుగా ఇట్టి పడవలను నడుపుచున్నందున, "ఏది కొనుమందువు అక్కా?" యని చెల్లెలు నన్నడిగినది. "ఎంత వేగమని యడుగకుము. చెఱువు నడుమ పడవ యాగిపోయినచో దానిని తెచ్చువా రెవరని మొదట అడుగుము" అంటిని. పడవ యేదైనను ఒకనాడు నీటి నడుమ నాగితీరును. బాటరీ యయిపోవును, నాచు చుట్టుకొనును, లోనికి నీరు చేరును. అప్పుడు బిడ్డ మనస్సు పడవమీద నుండునుగాని నీటి లోతుమీద నుండదు. ప్రమాదము పడవ పరుగులో కంటె, అది యాగిన తరువాతి యా నిమిషములో నెక్కువ. తొలి పడవ యెన్నికయంతయు ఆ నిమిషమును దృష్టిలో నుంచుకొని చేయవలెను.

ఈ యాట నేటిది గాదు. 1898వ సంవత్సరమున న్యూయార్కు నగరమందు నికోలా టెస్లా యను శాస్త్రజ్ఞుడు బాటరీతో నడచు చిన్నపడవను తీగ యేదియు లేకుండ దూరమునుండి నడిపి చూపెను. ఆ యేడు నవంబరు 8వ తేదీన దానికి అమెరికాలో పేటెంటు లభించినది. నాడు జనులకు మాయగా దోచినది నేడు పిల్లల చేతి కందినది. నేటి రిమోటులు సాధారణముగా 2.4 గిగాహెర్ట్జు రేడియో తరంగములతో పనిచేయును. ఈ తరంగములను నీరు హరించును గనుక, పడవలోని గ్రాహకపు తీగ నీటిమట్టమునకు పైన నుండవలెను. కొనుటకు ముందు చూడవలసిన వానిలో నిది యొకటి.

ఇక మోటారు. మన వంటయింటి మిక్సీలో బొగ్గు బ్రష్షులు అరిగిపోవుటయు, అప్పుడు నిప్పురవ్వలు వచ్చుటయు, వానిని మార్పించుటయు మనకు దెలిసినదే. చవుక పడవలలో నట్టి బ్రష్షుల మోటారే యుండును. వేగము కొంత తక్కువ; వెల తక్కువ. ఇప్పుడు కరెంటు పొదుపు చేయునని యిండ్లలో బిగించుకొనుచున్న బి.యల్.డి.సి. పంకాలలో బ్రష్షులు లేవు. మిక్కిలి వేగముగల పడవలలో నున్నదియు నా జాతి మోటారే. అది దృఢమైనది, శక్తి గలది. కాని యా శక్తికి తగిన బాటరీయు, వేగమును నియంత్రించు ప్రత్యేక యంత్రమును, వానిని చల్లబఱచు నీటిగొట్టమును గావలెను. తొలి పడవకు బ్రష్షుల మోటారే చాలునని నా యభిప్రాయము. గంటకు 30 కిలోమీటర్ల వేగమనగా క్షణమునకు ఎనిమిది మీటర్లకు పైమాట. ఏబది మీటర్ల దూరము ఆఱు క్షణములలో గడచిపోవును. పైగా పడవ మనవైపు వచ్చునప్పుడు రిమోటులోని కుడియెడమలు తారుమారైనట్లు తోచును. చేయి కుదురుటకు ముందే యంతకు మించిన వేగమెందుకు?

బాటరీ విషయమున తల్లులు ముఖ్యముగా శ్రద్ధ వహింపవలెను. వేగపు పడవలలో వాడు లిథియము బాటరీ మన చేతి ఫోనులోని దానికి దాయాది. అందు లిథియము పాలిమరు రకమున ఒక్కొక్క ఘటము నిండుగా నున్నప్పుడు 4.2 వోల్టు లుండును. అంతకు మించి నింపరాదు, 3.3 కంటె దిగువకు వాడరాదు. కొన్నాళ్లు దాచునప్పుడు ఘటమునకు 3.8 ప్రాంతమున నుంచవలెను. ఉబ్బినదానిని మఱల వాడరాదు. పఱుపుమీదను, తెరలప్రక్కను పెట్టి ఛార్జి చేయరాదు; బండల నేలపైనో, ఇసుక పోసిన మట్టిపాత్రలోనో యుంచి, కనిపెట్టియుండి చేయవలెను. రాత్రి పెట్టి నిద్రపోవుట కూడదు. నికెల్ మెటల్ హైడ్రైడు రకము బరువు హెచ్చేగాని, యిన్ని జాగ్రత్తలు కోరదు.

బాటరీ యెంతసేపు వచ్చునో లెక్క కట్టుట దీపములో నూనె చూచుట వంటిదే. 1500 మిల్లీ ఆంపియరు గంటల బాటరీనుండి మోటారు 15 ఆంపియర్లు లాగినచో అది యాఱు నిమిషములలో నడుగంటును. కావున నాలుగు నిమిషములకే పడవను గట్టునకు మఱల్పవలెను. ఈ లెక్క విన్నపిదపనే అత్తగారు కొంత మెత్తబడి, "అట్లయిన గడియారము నా చేతిలో నుండనిండు" అనిరట.

ఖమ్మమునుండి భద్రాచలము వఱకుగల మన సీమలో నీటికి కొదువలేదు. ఈ పడవకు తగిన నీరు మాత్రము కొద్ది. గోదావరిలోను మున్నేటిలోను ప్రవాహ ముండును; ఆగిన పడవ దిగువకు కొట్టుకొనిపోవును, దాని వెంట బిడ్డయు పరుగిడును. కాలువలును నిందులకే పనికిరావు. కిన్నెరసాని జలాశయము అభయారణ్యములోనిది. అందు మొసళ్లు గలవు. వైరా, పాలేరు జలాశయములు విశాలములేగాని పిల్లల యాటకు తగని లోతు గలవి. ఖమ్మములోని లకారము చెఱువున విహారమునకు వచ్చువారి సందడి. ఇక మిగిలినది ఊరి చిన్నచెఱువు: వానలు వెలిసిన తరువాత, నీరు నిలుకడగా నున్నప్పుడు, బట్టలుదుకువారును పశువులును లేని వేళ, తామరయు గుఱ్ఱపుడెక్కయు లేని మూల. నాచు విస్తారమైన చోట రెక్కను పైకి బిగించి గాలిని నెట్టుచు నడచు పడవ మేలుగాని, బయట దిరుగు రెక్క వ్రేళ్లను కోయగలదు; చుట్టును జాలి లేనిదే దానిని పిల్లల కియ్యరాదు.

పడవను వదలుటకు ముందు గాలి యెటు వీచుచున్నదో చూడవలెను. గాలి యే గట్టువైపు వీచునో ఆ గట్టుననే బిడ్డ నిలువవలెను. అప్పుడు పడవ యాగినను, కొంత యాలస్యముగనైన గాలియే దానిని మనయొద్దకు జేర్చును. తొందరయైనచో గాలపు దారమునకు టెన్నిసు బంతి కట్టి, పడవకు ఆవలివైపు విసరి, మెల్లగా లాగిన దారము పడవను పట్టి తెచ్చును. ఈ రెంటికిని లొంగనిచో ఆ పడవ పోయినదనియే యెంచవలెను. నీటిలోనికి దిగుట లేదన్న మాట మొదటినాడే చెప్పి, పడవ పోయిన దినమున బిడ్డను కసరక, ఆ మాట నిలుపుకొనవలెను. వెల పోయినదని మనము కసరినచో, మఱుసారి బిడ్డ మన కన్నుగప్పి నీట దిగును. పోయినను కుటుంబము భరింపగల వెలలోనే తొలి పడవను కొనుమనుట యిందులకే.

కావున నేను చెల్లెలికి చెప్పిన గుర్తులివి: నలుబది సెంటీమీటర్ల పొడవు; అడుగున వాలుగా కోసుకొనివచ్చి యలలను చీల్చు ఆకృతి; బోర్లపడిన తనంత తాను లేచు గుణము; నీటిలో నుంచిననేగాని రెక్క తిరుగని యేర్పాటు; మోటారును రెక్కయు విడిగా దొరకు వీలు. ఇంటికి రాగానే మూత తెఱచి లోపలి ఖాళీలలో థర్మోకోలు ముక్కలు కూర్చినచో నీరు చేరినను పడవ మునుగదు. ముందు కొనకు ఎఱ్ఱరంగు పూసినచో దూరమున దాని ముఖ మెటున్నదో తెలియును. ఆట ముగిసిన వెంటనే బాటరీ తీసి, లోపలి తడి తుడిచి, మూత తెఱచియుంచి యారనిచ్చి, ఇరుసు గొట్టమున గ్రీజు వేయవలెను.

కొనుటయా, చేయించుటయా యను ప్రశ్నకు నా సమాధాన మిది: మొదటిది కొనవలెను, రెండవది చేయవలెను. కొన్నదానిని విప్పి బిగించి నేర్చినచేతులే క్రొత్తది చేయగలవు. కొండపల్లి బొమ్మలు చెక్కు తెల్లపొణికి తేలికైనది, ఉలికి మెత్తగా లొంగునది. నీరు పీల్చకుండ రెండుమూడు పూతలు రంగు వేసినచో చిన్నపడవకు చక్కగా నొదుగును. మా చెల్లెలి కుమార్తె యిప్పు డా చెక్క కొఱకు వెదకుచున్నది. మిక్సీ బ్రష్షులు మార్చుట యెట్లో చూపుమని తల్లిని వేధించుచున్నదట. సోదరీమణులారా, ఇంటనున్న యంత్రము చెడినప్పుడు ఇతరులకై యెదురుచూచుట మనకు చాలకాలము అలవాటైనది. మన కుమార్తెల కా యలవాటు రాకుండుటకు ఒక చిన్నపడవ తోడ్పడునేని, గట్టుమీద మనము కూర్చుండవలసిన ఆ నాలుగు నిమిషములు గొప్ప వ్యయము గాదు.