సూరత్ తీరాన పోటు వేళలు

సూరత్ నగరం నుండి సముద్రం కనిపించదు. తపతీ నది ఒడ్డున, సాగరసంగమానికి కొంత ఎగువన వెలసిన ఈ పట్టణమే మొగలాయీల కాలంలో ‘మక్కా ద్వారం’గా పేరుపొందింది. హజ్ యాత్రికులు ఇక్కడి నుండే ఓడలెక్కేవారు. 1608లో విలియం హాకిన్స్ వచ్చిన ‘హెక్టర్’ నౌక ఈ రేవునే చేరింది. ఇసుకమేటల వలన పెద్ద ఓడలు నదిలోకి రాలేక, ఉత్తరాన ఉన్న సువాలీ వద్ద లంగరు దించేవి. 1612లో ఆంగ్లేయులు పోర్చుగీసు నౌకలను ఎదిరించి నిలిచింది ఆ జలాలలోనే.

ఈ తీరంలో మనుషుల పనివేళలను సూర్యుడు కాక, ఆటుపోట్లు నిర్ణయిస్తాయి. ఖంబాత్ అఖాతం గరాటు వంటిది. వెడల్పైన మూతిలో ప్రవేశించిన నీరు లోనికి పోయేకొద్దీ ఇరుకున పడి పైకి లేస్తుంది. భావనగర్ వద్ద పెద్ద పోటునాడు నీటిమట్టంలో తేడా పది మీటర్లు దాటుతుంది. సూరత్ తీరాన అయిదారు మీటర్లు ఉంటుంది. పోటు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. ఈనాడు సాయంకాలం వచ్చినది వారం తిరిగేసరికి అర్ధరాత్రి వస్తుంది. జాలరి నిద్ర కూడా దానితోపాటే జరుగుతుంది.

ఇక్కడి ‘డోల్’ వల పెద్ద సంచి వంటిది. దాని మూతిని ప్రవాహానికి ఎదురుగా నిలిపి కట్టివేస్తారు. చేపను తరిమే పని మనిషికి లేదు; ప్రవాహమే దానిని తెచ్చి వలలో వేస్తుంది. కాని నీరు దిశ మార్చకముందే వల ఎత్తాలి. ఆ స్వల్ప వ్యవధి చీకటిలో వస్తే చీకటిలోనే పని. పడేవాటిలో ముఖ్యమైనది మన కోస్తావారెరిగిన వనమట్ట. నీరు నిండిన మెత్తని చేప గనుక త్వరగా పాడవుతుంది. రాత్రి పట్టినది ఉదయపు ఎండకు దండెం మీదికి చేరాలి. పడవ పెద్దను శ్రీకాకుళం జాలరులు తండేలు అంటారు. దక్షిణ గుజరాత్ తీరంలోనూ అదే మాట, అక్కడ ఇంటిపేరు కూడా.

దూరప్రయాణాలకు బయలుదేరే ఓడలకు సైతం పోటే ముహూర్తం. తీరం కనుమరుగయ్యాక నక్షత్రాలు దిక్కు. అరబ్బు, గుజరాతీ నావికులకు ‘కమాల్’ అనే చిన్న చెక్కపలక ఉండేది. దానికి ముళ్లు వేసిన తాడు కట్టి, ఆ ముడిని పళ్లతో పట్టుకొని, పలక అడుగు అంచును దిగంతానికీ పై అంచును ధ్రువనక్షత్రానికీ సరిపెట్టి, తామున్న చోటును అంచనా వేసేవారు. సూరత్, జెద్దా దాదాపు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి. దక్షిణంగా సాగి ఏడెన్ చేరేసరికి బాగా దిగిపోయిన ధ్రువుడు, ఎర్రసముద్రంలో ఉత్తరానికి పోయేకొద్దీ మరల లేచి, జెద్దా వద్ద సూరత్‌లో కనిపించినంత ఎత్తునే నిలుస్తాడు.

1687లో ఈస్టిండియా కంపెనీ తన ప్రధానస్థానాన్ని బొంబాయికి మార్చింది. ఓడల వైభవం తగ్గినా, జాలరుల వేళలు మారలేదు. మారుతున్నది తీరం. నదీముఖాన హజీరాలో ఇప్పుడు భారీ పరిశ్రమలు, ఆధునిక రేవు వెలిశాయి. పడవ లేనివారు ఆటు సమయంలో బురదలో నడచిపోయి గుంజలకు వలలు కట్టేవారు, వారిని ‘పగడియా’లంటారు. రేవు విస్తరణతో జీవనం పోతోందని హజీరా జాలరులు జాతీయ హరిత న్యాయస్థానానికెక్కారు. 2016 జనవరిలో తీర్పు వారి పక్షాన వచ్చింది. తగవు అక్కడితో ఆగక సుప్రీంకోర్టుకు చేరింది.

మట్టి నింపి మెరక చేసిన చోట కూడా పోటు వేళకు వచ్చి గోడను తాకిపోతుంది. ఆటు వేళకు పగడియా అడుగుపెట్టవలసిన నేల మాత్రం అక్కడ ఉండదు.