మినోటారు జననము

బాల్యమున గ్రీకు పురాణగాథలు చదువునపుడు నాకు మిక్కిలి ప్రియమైన వీరుడు థీసియస్. ఎద్దు తలయు, మనుష్య దేహమును గల మినోటారు అను రాక్షసుని అతడు వధించిన ఘట్టమును ఎన్నిమారులు చదివితినో లెక్క లేదు. కాని ఆ రాక్షసుడు ఎట్లు పుట్టెనను ప్రశ్న నాకు ఒక్కనాడును తోచలేదు. పెద్దవాడనైన పిమ్మట ఆ పూర్వకథను తెలిసికొంటిని. నాటినుండి నా సంతోషమున కొంత విచారము కలిసినది.

మధ్యధరా సముద్రమున క్రీటు అను ద్వీపము కలదు. దానిని ఏలగోరిన మినోస్, రాజ్యమును తనకు దేవతలే యొసంగిరని చాటెను. అందుకు నిదర్శనముగా ఒక వృషభమును పంపుమనియు, దానిని మరల బలిగా సమర్పింతుననియు సముద్రదేవుడైన పొసైడన్‌ను ప్రార్థించెను. అలలను చీల్చుకొని దివ్యవృషభము వెడలివచ్చెను. మినోస్ రాజయ్యెను. కాని దాని సొగసును చూచి అతని మనస్సు మారెను. దానిని తన మందలో చేర్చుకొని, మరియొక ఎద్దును బలియిచ్చెను.

పొసైడన్ కోపించెను. ఆ కోపము రాణి పాసిఫేపై పడెను. దైవశాపమున ఆమె మతి తప్పి ఆ వృషభమునే వలచెను. ఆమెకు ఎద్దు తల గల బిడ్డ పుట్టెను. ఆ బిడ్డ పేరు ఆస్టీరియస్. గ్రీకు భాషలో అది నక్షత్రమును స్ఫురింపజేయు పేరు. లోకము దానిని మరచి, 'మినోస్ ఎద్దు' అను అర్థమున మినోటారు అని పిలిచెను. రాజు డెడలస్ అను శిల్పిచేత చిక్కుదారుల కట్టడమును నిర్మింపజేసి, అందు వానిని బంధించెను. ఏథెన్సునుండి ఏడుగురు యువకులను, ఏడుగురు కన్యలను రప్పించి వానికి ఆహారముగా వేయించెను. తుదకు థీసియస్, మినోస్ కుమార్తె అరియాడ్నే ఇచ్చిన దారపు ఉండ సాయమున లోపలికేగి, వానిని చంపి, దారి తప్పక తిరిగివచ్చెను.

1900వ సంవత్సరమున ఆర్థర్ ఎవాన్స్ అను ఆంగ్లేయుడు క్రీటులోని క్నోసస్ వద్ద త్రవ్వకములు ఆరంభించెను. అనేకమైన గదులతో అల్లుకొనిన గొప్ప రాజభవనము బయటపడెను. ఎద్దు వీపుమీదుగా పిల్లిమొగ్గ వేయుచున్న మనుష్యుని గోడచిత్రము నందు లభించెను. అట్టి భవనమును, అట్టి క్రీడయు ఈ కథకు మూలమై యుండవచ్చునని కొందరు పండితుల ఊహ.

చరిత్రలోని మూలమేదైనను, కథలోని మూలము మాత్రము ఒక రాజు తప్పిన మాట. దాని ఫలమును రాణియు, బిడ్డయు, ఏథెన్సు యువజనులును అనుభవించిరి. నరభక్షకుని చంపిన థీసియస్‌ను నేటికిని మెచ్చుకొందును. కాని ఆ ఘట్టము వచ్చినపుడు పుట త్రిప్పబోవు చేయి ఒక్కింత నిలిచిపోవును. నక్షత్రము పేరు గల ఆ బిడ్డ పుట్టుకలో చేసిన పాపమేమని నన్ను నేనే అడుగుకొందును.