చిరునామాల జాబితా

బ్రౌజరు పైపట్టీలో తెలుగు టపా చిరునామా తెలుగులోనే ముచ్చటగా కనిపిస్తుంది. దానినే నకలు తీసి ఒక ఫైలులో అతికిస్తే శాతం గుర్తుల ముళ్ళకంచె అవుతుంది. ‘తెలుగు’ అన్న మాటే చూడండి. కంటికి మూడక్షరాలు. యూనికోడు లెక్కలో గుణింతపు గుర్తులతో కలిపి 6 సంకేతాలు. యూటీఎఫ్-8లో ఒక్కొక్కదానికి 3 బైట్లు, ఒక్కో బైటుకు చిరునామాలో 3 స్థానాలు, వెరసి 54. వర్డ్‌ప్రెస్ టపా పేరుకు 200 స్థానాలే కేటాయిస్తుంది కనుక మన శీర్షికలు 22వ సంకేతం దగ్గర తెగిపోతాయి.

ఈ లెక్కల్లోకి నన్ను దింపినది ఒక మిత్రుని బ్లాగు. ఆయన గతించారు. ఉచిత స్థలంలోని రాతల ఆయుర్దాయానికి ఎవరూ పూచీపడరు. 2009 అక్టోబరులో యాహూ జియోసిటీస్‌ను మూసివేయడం మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆయన కుమార్తె టపాల చిరునామాలన్నీ తేదీల వరుసలో నోట్‌ప్యాడులో చేర్చి పంపి, “అంకుల్, ఇవన్నీ దాచిపెట్టగలరా?” అని అడిగింది. 200 పైచిలుకు ఉన్నాయి. చేత్తో దించడం కన్న బాష్ స్క్రిప్టు చేత చదివించడమే మేలు.

షెల్లుకు చిరునామా అంటే ఏమిటో తెలియదు. కొటేషను గుర్తులు లేకుండా ఆదేశం పక్కన రాస్తే, మధ్యలో ‘&’ కనబడగానే ఆదేశం ముగిసిందనుకొని దానిని నేపథ్యంలోకి తోస్తుంది; మిగిలిన ‘పేరు=విలువ’ ముక్కను తన చలరాశిగా దాచుకుంటుంది. దోషమని ఒక్క మాట అనదు. సగం చిరునామాకు వచ్చిన పుటే మన చేతిలో పడుతుంది. షెల్లు మీద నాకున్న కోపమంతా ఈ మౌనం గురించే.

ఫైలు నుండి ‘రీడ్’ ద్వారా చదివితే ఆ చిక్కు లేదు, వేరేవి ఉన్నాయి. నోట్‌ప్యాడు పంక్తి చివర రెండు గుర్తులు పెడుతుంది. షెల్లు ఒకదానినే తీసి, టైపుమిషను కాలపు అవశేషమైన క్యారేజి రిటర్నును చిరునామాకు అంటిపెట్టి ఉంచుతుంది, పుట దొరకదు. ‘టీఆర్’ ఆదేశంతో దానిని ముందే తుడిచేయాలి. చదివినదానిని నేరుగా ప్రింట్‌ఎఫ్ చేతిలో పెట్టకూడదు కూడా. తెలుగు అక్షరాలన్నీ ‘శాతం-ఈ-సున్నా’తో మొదలవుతాయి, దాని భాషలో ‘శాతం-ఈ’ అంటే దశాంశ సంఖ్యను అచ్చువేయమని. ‘త’ ఉండవలసిన చోట సున్నాలు బారులు తీరుతాయి!

అన్నిటికంటె సూక్ష్మమైనది చివరి పంక్తి. జాబితా ముగించి ఎంటరు నొక్కకపోతే, ‘రీడ్’ ఆ పంక్తిని చదువుతుంది గాని ఫైలు అయిపోయిందంటూ విఫలమైనట్లు తెలుపుతుంది. ‘వైల్’ చక్రం ఆగిపోతుంది. చదివిన చిరునామా చలరాశిలో ఉండగానే స్క్రిప్టు ముగుస్తుంది. అంతర్జాలంలో దొరికే నమూనాలు చాలావరకు దీనిని పట్టించుకోవు. ‘రీడ్’ విఫలమైనా చలరాశి ఖాళీగా లేకపోతే మరొక్కమారు తిరగమని షరతు చేర్చాలి.

ఆ అమ్మాయి ఎంటరు నొక్కలేదు. తేదీల వరుస కనుక ఆ పంక్తి ఆయన చివరి టపాది. షరతు ఉన్నందున అదీ వచ్చింది: పెరట్లో కరివేపాకు మొక్కకు పట్టిన తెగులు గురించి నాలుగు వాక్యాలు, మిగతాది రేపు రాస్తానని. కింద వ్యాఖ్యలలో ఇద్దరు వేపనూనె కొట్టి చూడమన్నారు.