వేలిముద్ర నుంచి చేవ్రాలు దాకా

కుటుంబ చరిత్ర అంటే వంశవృక్షం గీయడమేనని మనలో చాలామంది అభిప్రాయం. గోత్రం, ఇంటిపేరు, ఏడుతరాల మగవాళ్ల పేర్లు దొరికితే చాలు, చరిత్ర పూర్తయిందనుకుంటాము. ఆ మగవాళ్లు ఏం తిని బతికారు, ఎవరికి బాకీపడ్డారు, వాళ్ల ఇళ్లలో పొయ్యి ముందు కూర్చున్న మనిషి ఎవరు అన్న ప్రశ్నలు ఆ చెట్టుకింద మొలకెత్తవు. సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' ప్రకటించినప్పటినుంచి, రాజుల పట్టాభిషేకాలకంటె ప్రజల తిండీ, బట్టా, ఆటా, పాటా చరిత్రకు ముఖ్యమని మనం సభల్లో ఒప్పుకుంటూనే ఉన్నాము. కాని ఆ సూత్రాన్ని మన ఇంటి గడపలోకి తీసుకురావడానికి మాత్రం ఎందుకో జంకుతాము. మన తాతల్ని మాత్రం చిన్నపాటి రాజుల్ని చేసి కూర్చోబెడతాము.

మా అమ్మమ్మా తాతయ్యల కాపురాన్ని కాగితాల్లో వెదకడానికి నేను పూనుకొన్నది ఈ ఆలోచనతోనే. వాళ్లది కృష్ణా డెల్టాలో కాలువ చిట్టచివర ఉన్న ఊరు. వరద వచ్చినప్పుడు ముందు మునిగేదీ, నీటి ఎద్దడి వచ్చినప్పుడు ముందు ఎండేదీ ఆ ఊరే. ఇద్దరికీ పెళ్లినాటికి చదువు లేదు. వాళ్ల గురించి మిగిలినవి ఒక ట్రంకుపెట్టెలో పట్టేటన్ని కాగితాలు: శిస్తు రసీదులు, రెండు ప్రామిసరీ నోట్లు, కొన్ని పాత పంచాంగాలు, మా పెద్దమ్మ బడి సర్టిఫికెట్టు. వీటికి తోడు రిజిస్ట్రారు కచ్చేరీలో రుసుము కట్టి నేను తెచ్చుకొన్న దస్తావేజు నకళ్లు రెండు. స్థిరాస్తి దస్తావేజులన్నీ కచ్చేరీలో ఒకటో నంబరు పుస్తకంలోకి ఎక్కుతాయి. మనుషుల పేర్లకు ఒక సూచికా, భూములకు ఒక సూచికా ఉంటాయి. 1908నాటి రిజిస్ట్రేషను చట్టం ప్రకారం ఆ పుస్తకాన్ని రుసుము చెల్లించి ఎవరైనా చూడవచ్చు. పూర్వులు జమీందారులే కానక్కరలేదు. అరెకరం అమ్ముకొన్న రైతు కూడా అక్కడ దొరుకుతాడు.

కాగితాలు చదివేముందు అవి ఎవరి అవసరంకొద్దీ పుట్టాయో గుర్తుంచుకోవాలి. శిస్తు రసీదు సర్కారు కోసం పుట్టింది. ప్రామిసరీ నోటు షావుకారు కోసం పుట్టింది. దస్తావేజు కొనుక్కున్నవాడి కోసం పుట్టింది. ఆ దంపతుల సుఖదుఃఖాలు ఈ ముగ్గురిలో ఎవరికీ అక్కరలేదు. కనుకనే రసీదులన్నిటిలోనూ తాతయ్య పేరు తప్ప అమ్మమ్మ పేరు లేదు. రసీదులమీద వేసినవి ఫసలీ సంవత్సరాలు; ఆ అంకెకు 590 కలిపితే ఆ జూలైలో మొదలయ్యే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. అట్లా లెక్కకట్టి పేర్చి చూస్తే ఇరవై ఏళ్లకు పైగా ఆ ఇంట్లో తాతయ్య ఒక్కడే కాపురం చేసినట్టు కనిపిస్తుంది. ఊడ్పులకూ కోతలకూ వంగిన రెండో నడుము సర్కారు లెక్కకు రాదు.

ఇక ప్రామిసరీ నోట్లు. మొదటిది 1927లో రాసినది, 300 రూపాయలకు. వడ్డీ నెలకు నూటికి రూపాయి. నోటుకు కాలదోషం మూడేళ్లు గనుక, గడువు దాటకముందే 1930లో తిరగరాయించారు. వెనకవైపు ఒక్క చెల్లు కూడా లేదు. మూడేళ్ల వడ్డీ 108 కలిపి రెండో నోటు 408 రూపాయలకు తేలింది. అప్పటికే 1929లో మొదలైన ప్రపంచ మాంద్యం డెల్టాకూ పాకి, ధాన్యం ధర దిగజారింది. పండిన రైతూ బాకీ తీర్చలేని రోజులవి. శిస్తు మాత్రం ధరతోపాటు దిగలేదు. నోటు అడుగున తాతయ్య వేలిముద్ర ఉన్నది.

మా ఇంట్లో చెప్పుకొనే కథ ప్రకారం, తాతయ్య రెక్కలు ముక్కలు చేసుకొని ఆ అప్పు తీర్చాడు. అమ్మమ్మ నోట్లో నాలుక లేని మనిషి. ఆయన నీడన బతికింది. ఈ కథను పెళ్లిళ్లలోనూ తద్దినాల్లోనూ ఎన్నిసార్లో విన్నాము. 1931నాటి అమ్మకం దస్తావేజు వేరే సంగతి చెబుతున్నది. అందులో అమ్మినది తాతయ్య కాదు, అమ్మమ్మ. అమ్మినది పుట్టింటివాళ్లు ఆమెకు పసుపుకుంకుమల కింద ఇచ్చిన అరెకరం. కొన్నది నోటు రాయించుకొన్న షావుకారే. ధర 450 రూపాయలు. నోటు తేదీ నుంచి పదినెలల వడ్డీ కలిపితే బాకీ 448 రూపాయల పైచిల్లర అవుతుంది. ప్రతిఫలం భర్త బాకీకి చెల్లుపడగా, మిగిలిన రూపాయీ చిల్లరా ఆమెకు ముట్టినట్టు లేఖరి ఓపికగా రాశాడు. అరెకరం మాగాణి పోగా చేతికి వచ్చినది అది. కింద ఆమె వేలిముద్ర. ఆమెను ఎరిగినవాడుగా పక్కనే తాతయ్య వేలిముద్ర.

ఇక్కడ చట్టం చరిత్ర కూడా కొంత చెప్పుకోవాలి. మద్రాసు రాష్ట్రంలో రైతు రుణ విమోచన చట్టం 1938లో వచ్చింది. 1932 అక్టోబరు 1కి ముందు చేసిన అప్పులమీద 1937 అక్టోబరు 1 నాటికి నిలిచివున్న వడ్డీ ఆ చట్టంతో రద్దయింది. తిరగరాసిన నోటైనా మొదట తీసుకొన్న అసలునే అసలుగా లెక్కించమన్నది. అంటే ఆ 408లో 108 వడ్డీయే. కాని ఆ చట్టం వచ్చేనాటికి పొలం పోయి ఏడేళ్లయింది. నిలువ ఉన్న బాకీకే గాని, తీరిపోయిన బాకీకి చట్టంలో చోటులేదు. ఎదిరించి నిలబడ్డవాడికంటె ఆడమనిషి సొత్తు తెగనమ్మి మాట దక్కించుకొన్నవాడే ఎక్కువ నష్టపోయాడు. నష్టం అతనిది, సొత్తు ఆమెది.

ఇంతవరకు ఇది మన పల్లెల్లో వేల ఇళ్ల కథే. నన్ను నిలవేసినది రెండో దస్తావేజు. అది 1958నాటిది, విళంబి సంవత్సరం. అమ్మమ్మ మా పెద్దమ్మకు నలభై సెంట్లు రాసి ఇచ్చిన దఖలు దస్తావేజు. యుద్ధకాలంలో ధాన్యం ధర పెరిగి రైతు కాస్త ఊపిరి పీల్చుకొన్న తరువాత, 1946లో, తన పేరనే కొన్న పొలమని అందులో ఉన్నది. దస్తావేజు చివర వేలిముద్ర ఉండవలసినచోట అక్షరాలున్నాయి. నకలు రాసిన గుమాస్తా 'చేవ్రాలు' అని స్పష్టంగా గుర్తు పెట్టాడు. 1931లో బొటనవేలు సిరాలో ముంచిన మనిషి 1958లో కలం పట్టింది. మధ్య ఇరవై ఏడేళ్లలో ఎప్పుడో, ఎట్లాగో, ఆమె అక్షరాలు నేర్చింది.

1931 జనాభా లెక్కల్లో దేశంలోని స్త్రీలలో చదవను రాయను వచ్చినవాళ్లు నూటికి ముగ్గురు లోపు. 1951లో కూడా తొమ్మిదిమంది లోపే. ఆ తొమ్మండుగురిలో ఒకరుగా ఈ పల్లెటూరి రైతు భార్య ఎట్లా చేరింది? దీనికి జవాబు పంచాంగాల్లో ఉన్నది. అమ్మమ్మ పాలు పోసేది. విక్రమ పంచాంగం, అంటే 1940-41నాటిది, చివరి అట్టమీద బొగ్గుతో గీసిన నిలువుగీతలున్నాయి. ఒక్కొక్క శేరుకు ఒక్కొక్క గీత. చిత్రభాను పంచాంగం వచ్చేసరికి, అంటే 1942లో, గీతలకు బదులు అంకెలు వచ్చాయి. అంకెల పక్కన వాడకందార్ల పేర్లు కూడా వచ్చాయి. తలకట్లు తప్పిన అక్షరాలు, వత్తులు జారిపోయిన పేర్లు, అయినా పోల్చుకోవచ్చు. పెద్దమ్మ బడి సర్టిఫికెట్టు ప్రకారం ఆమెను ఒకటో తరగతిలో వేసినది 1939లో. పుట్టిన తేదీ 1933 జూలై 1 అని ఉన్నది. తేదీ తెలియని పిల్లలందరినీ జూలై ఒకటిన పుట్టించడం ఆనాటి పంతుళ్ల ఆచారం. కూతురు బడికి పోవడానికీ, తల్లి గీతలు అక్షరాలు కావడానికీ నడుమ మూడేళ్లు. పెద్దమ్మ బతికి ఉన్నరోజుల్లో ఒకసారి మామూలుగా అన్న మాట ఇప్పుడు తూకానికి వచ్చింది: "పొద్దుగూకాక మా అమ్మ నా పలక అడిగి తీసుకునేదిరా. దీపం నూనె దండగని మా నాన్న కసిరేవాడు కాదు."

కసిరేవాడు కాదు. ఆ కాపురం గురించి ఆ కాగితాలన్నీ చెప్పలేనిది ఈ ఒక్క ముక్కలో ఉన్నది. దస్తావేజు కూడా దానికి సాక్ష్యం పలుకుతున్నది. 1958 పత్రంలో అమ్మమ్మ చేవ్రాలు కింద సాక్షుల వరుసలో మొదటివాడు తాతయ్య. ఆయనది వేలిముద్రే. చదువురాని భర్త చదువు నేర్చిన భార్యకు సాక్షిగా వేలు సిరాలో ముంచడానికి సిగ్గుపడలేదు. 1931లో ఆయన అప్పుకు ఆమె వేలు ఇచ్చింది. 1958లో ఆమె దానానికి ఆయన వేలు ఇచ్చాడు. ఆ నలభై సెంట్లు 1946లో ఆమె పేరనే ఎందుకు కొన్నారో దస్తావేజు చెప్పదు. అది పాత బాకీ తీర్చుకోవడమని నేను అనుకొంటాను. ఆ బాకీకి నోటు లేదు, కాలదోషమూ లేదు.

ఇందులో మురిసిపోయి ఊరుకోదగ్గది మాత్రం లేదు. ఆమె పసుపుకుంకుమల పొలం తిరిగి రాలేదు. ఆమె చదువు ఏ బడీ పెట్టిన భిక్ష కాదు. పగలంతా చాకిరీ చేసి, కూతురి పలకమీద దొంగిలించుకొన్నది. దస్తావేజు భాష కూడా ఆమెకు పూర్తిగా లొంగలేదు. 1956 హిందూ వారసత్వ చట్టం స్త్రీ ఆస్తిమీద ఆమెకు సంపూర్ణ హక్కు ఇచ్చి రెండేళ్లయింది. అయినా ఒక తల్లి తన కూతురికి ఇచ్చిన పొలాన్ని 'పుత్ర పౌత్ర పారంపర్యంగా' అనుభవించమని లేఖరి రాశాడు. చట్టం మారినా వాడుక మాట మారడానికి ఇంకో తరం పట్టింది. మొదటి సాధారణ ఎన్నికల్లో ఫలానావారి భార్య, ఫలానావారి తల్లి అని తప్ప సొంతపేరు చెప్పనందుకు దేశంలో, ముఖ్యంగా ఉత్తరాది రాష్ట్రాల్లో, దాదాపు 28 లక్షలమంది స్త్రీలు ఓటర్ల జాబితాలో చోటు పోగొట్టుకొన్నారు. పేరు నోటితో చెప్పుకోవడమే కష్టమైన ఆ రోజుల్లో, పేరు చేతితో రాసుకోవడం చిన్న విషయం కాదు.

ఇటువంటి సాక్ష్యం ప్రతి ఊళ్లోనూ ఉన్నది. 1984లో కరణీకాలు రద్దయిన తరువాత పాత కవిలెలు ఎన్నో చేతులు మారాయి, ఎన్నో చెదలు తిన్నాయి. ఇళ్లలోని పెట్టెలు పంపకాల్లో విడిపోతున్నాయి. కాలంచెల్లిన నోట్లను పనికిరానివని కాలుస్తున్నారు. వంశవృక్షాలు గీసే ఓపిక ఉన్నవాళ్లు ఆ ఓపికలో సగం వీటిమీద పెడితే మేలు. దస్తావేజులో సొత్తు ఎవరిదో చూడండి. నోటు వెనక చెల్లు ఎవరి చేతి కష్టంతో పడిందో చూడండి. వేలిముద్ర ఏ ఏడు ఆగి చేవ్రాలు ఏ ఏడు మొదలైందో చూడండి. మన తల్లుల చరిత్రకు తేదీలు అక్కడ దొరుకుతాయి.