పార్కు లేనులో ఒక పూట

నా మేనల్లునికి కంప్యూటరు సైన్సులో సీటు వచ్చినది మొదలు మా అక్కయ్యగారింట రెండే విషయములు చర్చకు వచ్చుచుండెను: హాస్టలు భోజన మొకటి, లాప్‌టాపు ఒకటి. మొదటిదానికి నివారణోపాయము లేదు గనుక అందరును రెండవదానిమీద పడిరి. చదువునకని పిల్లవాడు అడుగుచుండగా, ఆటలకేనని తల్లి గ్రహించెను. రెండింటికిని ఒకటే యంత్రము చాలునని నేను రాజీ కుదిర్చి, వానిని వెంటబెట్టుకొని, ఒక శనివారమునాడు ప్యారడైజు మెట్రో స్టేషనులో దిగి, సికింద్రాబాదు పార్కు లేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరునకు నడిచితిని. ఆ పూర్తిపేరు పలికినవానిని అక్కడివారు కొత్తవాడనుకొందురు. అది అందరకును సీటీసీయే.

లోపల అడుగుపెట్టినంతనే "ఏం కావాలె సార్, లాప్‌టాపా?" యని ఇరువైపులనుండి పిలుపులు. నేను వేనికిని నిలువక, బాగుచేయు అంగళ్ల వైపునకు దారితీసితిని. గేదెను కొనబోవువాడు పాలు పిదికించి చూడక రూకలీయడు. ఇంచుమించు లక్ష రూపాయలు పోయు మనము మాత్రము మూత విప్పి చూపుమని యైన అడుగము. నేనును అట్లే, నాలుగేండ్ల క్రిందట, పండుగ తగ్గింపు ధరకు మురిసి ఒకటి కొంటిని. దాని 8 జీబీ ర్యామ్ బోర్డునకు టంకము వేసి అతికింపబడియున్నదనియు, ఇక పెంచుటకు వీలే లేదనియు తెలియునప్పటికి బిల్లు వెలిసిపోయినది.

ఒక ఇరుకు బల్లకడ మెకానిక్కు ఆటల లాప్‌టాపు నొకదానిని వెల్లకిల పరుండబెట్టి, మరలను విప్పిన వరుసలోనే అయస్కాంతపు చాపమీద పేర్చుచుండెను. అడుగురేకు లేచినది. రెండు ఫ్యానులకును, రాగిరేకులకును నడుమ, పరుపులోని పాతదూదివలె దుమ్ము అట్టగట్టియుండెను. ప్రాసెసరుమీది పేస్టు ఎండి సున్నపుబెల్లవలె పెచ్చులూడుచుండెను. దానిని స్పిరిటుతో తుడిచి, క్రొత్తది బియ్యపుగింజంత పెట్టుచు ఆతడు, "పరుపు మీద పెట్టి ఆడుతరు సార్. గాలి కిందికెళ్లి గుంజుకోవాలె గద, ఏడికెళ్లి వస్తది?" యనెను. చిప్పులనుండి ఫ్యానులవరకు సాగిన చదునైన రాగిగొట్టములను నేను తడిమి చూచితిని. వాని లోపల రవ్వంత నీరుండును. వేడికొనయందు ఆవిరియై, చల్లనికొనకు పోయి, మరల నీరై వెనుకకు చేరును. సారాబట్టీ పనియు ఇదియే గదా యని నాకు తోచినది కాని, మేనల్లుని యెదుట అనలేదు.

ఆ గొట్టముల లావును చూచినవానికి అమ్మకపు అంగడిలో సగము మాటలు అక్కరలేదు. పిమ్మట అట్టి అంగడి నొకదానికి పోగా, అక్కడ రెండు పెట్టెలు ముందు పెట్టిరి.

"మామయ్యా, రెండిట్లోనూ ఆర్‌టీఎక్స్ 4060 ఏ. ఇది సన్నగా ఉంది, ధర కూడా తక్కువ."

పేరొక్కటియే గాని సత్తువ యొక్కటి కాదు. ఆ పేరుగల లాప్‌టాపు గ్రాఫిక్సు కార్డునకు తయారీదారులు 35 వాట్లు మొదలు 115 వాట్లవరకు తమ యిష్టము చొప్పున విద్యుత్తు నిత్తురు; సన్నని యొడలిలో వేడి పోవు దారి లేదు గనుక తక్కువ యిత్తురు. ఆ యంకె అట్టపెట్టెమీద లేకపోగా, అడుగగా అడుగగా అంగడివాడు ఫోనులో వెదకి చెప్పెను. తెరల సంగతియు అంతే: రెంటియందును ఒకే పెండ్లిఫోటో తెరిపించితిని, ఒకదానియందు కుంకుమ కుంకుమగనే యుండెను, రెండవదానియందు ఇటుకపొడియైనది.

మొదటి రెండేండ్ల చదువునకు, అనగా సీ భాషకు, డేటా స్ట్రక్చర్సునకు, డేటాబేసులకు ఈ కార్డే అక్కరలేదు. వాడు నిత్యము ఆడు వాలరెంటునకును ఇంత బలము వలదు. అయినను మెషీను లెర్నింగు పాఠములు వచ్చినప్పుడు ఇట్టి ఎన్విడియా కార్డులపైననే నడుచు కుడా అను సాఫ్ట్‌వేరు పనికివచ్చును గనుక, ఆ వ్యయమును నేను మన్నించితిని. ర్యామ్ 16 జీబీకి తగ్గకూడదనియు, ఒక స్లాటైనను ఖాళీగ నుండవలెననియు, 512 జీబీ డిస్కునకు తోడు రెండవదాని కెడమున్నదా యనియు విచారించితిని. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 అను ఒక్క ఆటయే 150 జీబీ చోటు అడుగునట!

తుదకు లావుపాటిదే తీసికొంటిమి. బిల్లులోని సీరియలు నంబరును యంత్రపు అడుగున నున్నదానితో సరిచూచుకొని, ఇటుకరాయివంటి ఎడాప్టరును గూడ సంచిలో దూర్చి బయటపడితిమి. మెట్రో మెట్లెక్కునప్పటికే మేనల్లుడు సంచిని ఆ భుజమునుండి ఈ భుజమునకు రెండుమారులు మార్చెను.