ముద్దబంతికి గింజ తక్కువ

బంతిలో విత్తనం దండిగా ఇచ్చే మొక్క మార్కెట్‌కు పనికిరాదు. మార్కెట్‌లో ధర పలికే మొక్క విత్తనం సరిగ్గా ఇవ్వదు. పూల విత్తనం పనిలో చిక్కంతా ఇక్కడే ఉంది.

ఒంటిరెక్క బంతిని చూడండి. చుట్టూ ఒక వరుస రెక్కలు, నడుమ పచ్చని బొట్టు. ఆ బొట్టులో ఉన్నవన్నీ చిట్టి చిట్టి పూలే. ఒక్కోదానిలో పుప్పొడీ ఉంటుంది, గింజ కట్టే అండాశయమూ ఉంటుంది. తేనెటీగలు నాలుగుసార్లు వాలితే పువ్వు నిండా గింజే. ముద్దబంతిలో ఆ బొట్టు చోటును కూడా రెక్కలే ఆక్రమిస్తాయి. రెక్క గింజ కట్టగలదు గాని దానికి సొంత పుప్పొడి ఉండదు, పక్క పువ్వు నుంచి ఈగ మోసుకు రావాలి. అందుకే పువ్వు ఎంత ముద్దగా ఉంటే గట్టి గింజ అంత తక్కువ.

ఇది తెలియక చేతికందిన పువ్వల్లా ఎండబెట్టి దాచుకుంటే కొన్నేళ్లకు తోటలో ఒంటిరెక్కలే ఎక్కువవుతాయి. అప్పుడు ‘విత్తనం చెడిపోయింది’ అంటారు. చెడిందేమీ లేదు. ఎక్కువ గింజలిచ్చిన మొక్కల సంతానమే ఎక్కువైంది.

చేవెళ్ల దగ్గర బోరు కింద మాకు రెండెకరాలుంది. బతుకమ్మకూ దసరాకూ గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పంపే బంతి మాత్రం హైబ్రిడ్ నారే, నర్సరీ నుంచి తెస్తాం. దాచడం ఎందుకు? లారీలో నలగకుండా నిలవడంలో దానికి నాటు బంతి సాటి రాదు. కానీ హైబ్రిడ్ పువ్వు గింజ తీసి చల్లితే పిల్లలు రకరకాలుగా వస్తాయి, ఒక ఎత్తూ ఉండదు, ఒక రంగూ ఉండదు. విత్తనానికి మేము పెంచేది అత్తమ్మ ఇంట్లో తరతరాలుగా వస్తున్న నారింజ, పసుపు ముద్దబంతులు, పట్టుకుచ్చు, కొంచెం జీనియా.

పండుగ పంటలో విత్తనం తియ్యం. అప్పటికి వానలు పూర్తిగా వెనుదిరగవు, తడిసిన పువ్వు లోపలి నుంచి బూజు పడుతుంది. దీపావళి తర్వాత హైబ్రిడ్ మొక్కలు పీకేశాక విత్తనపు మడి పూతకొచ్చేలా నారు పోస్తాం. సంక్రాంతి దాటాక గింజ ముదిరే వేళకు ఎండలు పొడిగా ఉంటాయి. ఈగలకు గట్టు హద్దులు తెలియవు కనుక పక్క చేను వాళ్లు ఏం వేస్తున్నారో ముందే అడిగి, మా మడిని పొలానికి ఆ చివర, జొన్న చాళ్ల వెనకాల పెడతాం. నారింజా పసుపూ ఒకే ఏడు వెయ్యం. ఒక ఏడు ఒకటి, మరుసటి ఏడు ఇంకొకటి.

మొగ్గ విచ్చుకునే రోజుల్లో పొద్దున్నే మడిలో తిరగాలి. బొట్టు కనిపించిన మొక్కను ఈగలు లేవకముందే పీకేస్తాం. నిటారుగా నిలబడి, తెగులు లేకుండా, పువ్వులన్నీ ఒకే తీరుగా పూసిన మొక్కలకు ఎర్ర దారం కడతాను. ఒక్క మొక్క ఎంత అందంగా ఉన్నా దాని గింజ మాత్రమే తియ్యను. బంతి పరపరాగ సంపర్కపు పంట, ఒకే తల్లి పిల్లలతో నడిపితే బలం తగ్గిపోతుంది. ఇరవై ముప్పై మొక్కల గింజ కలపాల్సిందే. దారం కట్టినవాటి మొదటి రెండు విడతల పూలు కొయ్యం. తర్వాత వచ్చేవి చిన్నవి, గింజ సన్నం.

సంక్రాంతికి పువ్వు ధర పెరిగినప్పుడే ఇంట్లో గొడవ. “ఏం బిడ్డా, గంత మంచి పువ్వు చెట్టు మీదనే ఎండబెడ్తవా?” అంటుంది అత్తమ్మ. ఆమె పెట్టిన విత్తనమే ఇది, అయినా ధర చూస్తే ఆమెకూ మనసు ఆగదు.

రెక్కలు ముడుచుకుని, కింది గిన్నె పచ్చదనం పోయి గడ్డి రంగుకు తిరిగాక కోస్తాం. మంచు ఆరకముందు చెయ్యి పెట్టకూడదు. కోసినవాటిని పందిరి నీడలో పాత చీర మీద పలచగా పరుస్తాం. సిమెంటు గచ్చు మీద మండుటెండలో పోస్తే పైన ఎండినట్టే ఉంటుంది, మొలక దెబ్బతింటుంది. గలగలమన్నాక గిన్నె చీల్చి రెక్కలు పట్టి లాగితే కుచ్చుగా గింజలొస్తాయి. నల్లగా, సన్నగా, పై కొసన లేత పసుపు ఈనెలతో. గోటితో వంచితే వంగేది తాలు. గట్టిగా నిలిచేది గింజ. చేటలో చెరిగితే తాలు చాలావరకు ఎగిరిపోతుంది, మిగిలింది ఫ్యాను ముందు పోసుకుంటాం. గ్రాముకు 300 గింజల దాకా తూగే సరుకు, కాబట్టి ఫ్యాను నెమ్మదిగా తిరగాలి.

పట్టుకుచ్చు తీరు వేరు. పువ్వు ఇంకా రంగు మీద ఉండగానే అడుగు భాగంలో గింజ ముదిరి రాలుతుంటుంది. దాని రంగును నమ్ముకుంటే గింజ నేలపాలు. పరదా పరిచి, కుచ్చు వంచి తడితే నల్లగా మెరిసే గింజలు జలజలా పడతాయి. గ్రాముకు వెయ్యి దాటుతాయి, టీ వడపోసే జల్లెడ చాలు. చీమలు మాత్రం మోసుకుపోతాయి. మంచం మీద ఆరబోసి కోళ్ల కింద నీళ్ల గిన్నెలు పెడతాం. గునుగుకైతే ఈ తంటాలేవీ లేవు. ఎవరూ చల్లరు, దాచరు, అయినా ఏటా బతుకమ్మ వేళకు జొన్న చేలో అదే ఉంటుంది.

ఎండిన గింజను కాగితపు కవర్లలో కట్టి, వేయించి చల్లార్చిన బియ్యం మూటతో పాటు మూత బిగిసే స్టీలు డబ్బాలో పెడతాం. గింజలో తేమ ఒక్క శాతం తగ్గితే దాని ఆయుష్షు దాదాపు రెట్టింపు అవుతుందని విత్తన శాస్త్రం చెప్పే లెక్క. అమ్మే ముందు 100 గింజలు తడిగుడ్డలో చుట్టి వారం తర్వాత లెక్కపెడతాను. ఎన్ని మొలిచాయో కవరు మీద పెన్నుతో రాస్తాను, పంట తీసిన ఏడుతో సహా.

కొనేవాళ్లలో ఎక్కువమంది హైదరాబాద్ మిద్దె తోటల వాళ్లు. ‘ఇట్లా అమ్మొచ్చా’ అని కొందరికి అనుమానం. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం ప్రకారం రైతు తన విత్తనాన్ని దాచుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. రక్షణ పొందిన రకాన్ని బ్రాండు పేరుతో మాత్రం అమ్మకూడదు. నా కవరుకు బ్రాండు లేదు, మా ఇంటి వాకిలే దుకాణం.

ధర ఎక్కువని బేరమాడేవాళ్లకు ఎండిన ముద్దబంతి ఒకటి చేతిలో పెట్టి, “మీరే ఒలిచి గట్టి గింజలు ఏరండి వదినా, అవి ఊరికే తీసుకుపోండి” అంటాను. సగం పువ్వు ఒలిచేసరికి బేరం ఆపి డబ్బులు తీస్తారు.